అమ్మ డివ్వీ నంబరు: రోచ్‌డేల్ కొట్ల వెనకున్న లెక్క

మాంచెస్టర్ చుట్టుపక్కల మిల్లు ఊళ్లలో పెరిగి ఇప్పుడు డెబ్బై ఏళ్లు దాటినవాళ్లని చిన్ననాటి కొట్ల గురించి కదిపి చూడండి. సొంత ఫోన్ నంబరు చెప్పడానికి తడుముకునేవాళ్లు కూడా అరవై ఏళ్ల కిందటి అంకెల్ని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తారు. అది వాళ్ల అమ్మ 'డివ్వీ' నంబరు, అంటే కోఆపరేటివ్ స్టోర్‌లో (సభ్యులే నడుపుకునే సహకార కొట్టు, వాడుకలో 'కోఆప్') ఆమె సభ్యత్వ సంఖ్య. రొట్టెకో, వెన్నకో, పావు పౌను బేకన్‌కో పిల్లల్ని కొట్టుకి పంపేటప్పుడు అమ్మ చివరగా చెప్పేది సరుకు పేరు కాదు, ఆ నంబరు. సరుకు పేరు మర్చిపోతే వెనక్కొచ్చి మళ్లీ అడగొచ్చు. నంబరు తప్పు చెప్తే మాత్రం ఆ కొనుగోలు మీద రావాల్సిన డబ్బు ఇంకెవరింటి లెక్కలోనో పడిపోతుంది.

ఆ ఊళ్ల జ్ఞాపకాలన్నీ దాదాపు ఇలాగే సాగుతాయి. సోమవారం బట్టల ఉతుకు, తాకట్టు కొట్లో నాన్న సూటు, గుమ్మం రాయికి తెల్లగా రుద్దిన అంచు, శుక్రవారం చేపలూ చిప్సూ, వేసవిలో ఊరంతా ఒకేసారి రైలెక్కి బ్లాక్‌పూల్ సముద్రానికి పోవడం. వింటుంటే హాయిగానే ఉంటుంది. కానీ ఇవి విడివిడి ముచ్చట్లు కావని నా నమ్మకం. వీటన్నిటినీ కలిపి కుట్టిన దారం ఒకటుంది, అది వారం జీతం. వారానికోసారి చేతికొచ్చే కాసిని డబ్బుల్ని ఏడు రోజులకి సాగదీయడం ఎలా అన్న ఒక్క ప్రశ్న చుట్టూ ఆ ఊళ్లో ప్రతి కొట్టూ, ప్రతి అలవాటూ అల్లుకున్నాయి. ఆ అల్లిక ఎలా ఉండేదో అర్థం కావాలంటే రోచ్‌డేల్‌కి వెళ్లాలి.

ఇసక కలిసిన పంచదార, నోరు మూయించే అప్పు

రోచ్‌డేల్ మాంచెస్టర్‌కి ఈశాన్యంగా, పెన్నైన్ కొండల అంచున ఉంటుంది. అప్పట్లో అది లాంకషైర్ కౌంటీలోది. మొదట ఉన్ని బట్టకి, ముఖ్యంగా ఫ్లానెల్‌కి పేరు. తర్వాత నూలు మిల్లులు వచ్చాయి. 1840ల నాటికి చేతిమగ్గం నేతగాళ్ల బతుకు ఆవిరి మగ్గాల పోటీలో చితికిపోయింది. మిల్లులో పని దొరికినవాళ్లకీ రెక్కాడితే గాని డొక్కాడని పరిస్థితి. ఇంగ్లాండ్ చరిత్రలో ఆ దశాబ్దానికి 'ఆకలి నలభైలు' అనే పేరే పడిపోయింది.

అంతకు ముందు చాలాచోట్ల ఇంకో పీడ ఉండేది. యజమానులు జీతం డబ్బుగా ఇవ్వకుండా సరుకుల రూపంలోనో, తమ కొట్లోనే చెల్లే చీటీల రూపంలోనో ఇచ్చేవాళ్లు. అలాంటి కొట్లని జనం 'టామీ షాపు' అనేవాళ్లు. అక్కడ ధర ఎక్కువ, సరుకు నాసి. 1831లో వచ్చిన ట్రక్ చట్టం జీతాన్ని నాణేలుగానే చెల్లించాలని చాలా పరిశ్రమల్లో నిర్బంధం చేసింది. చట్టం వచ్చినంత మాత్రాన పీడ ఒక్కరోజులో పోలేదు గానీ, దారి మారింది. యజమాని కొట్టు బదులు వీధి చివర కొట్టు వచ్చింది, చీటీ బదులు అరువు వచ్చింది.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. కల్తీ ఒక సమస్య, అప్పు వేరే సమస్య అన్నట్టు మనం మాట్లాడుకుంటాం. మిల్లు ఊరి ఆడమనిషికి ఆ రెండూ ఒకటే. పిండిలో పటిక, పంచదారలో ఇసక, వాడేసి ఎండబెట్టిన ఆకు కలిపిన టీ పొడి ఆనాటి అంగళ్లలో మామూలు. మరి గొడవ పెట్టుకోవచ్చు కదా, వేరే కొట్టుకి పోవచ్చు కదా? పోవడానికి వీల్లేదు. పద్దు పుస్తకంలో ఆమె పేరున బాకీ ఉంది. బాకీ తీరిస్తే తప్ప కొట్టు మారలేదు, జీతం వచ్చిన రోజే పాత బాకీకి సగం పోతుంది కాబట్టి బాకీ ఎప్పటికీ తీరదు. కొట్టువాడికి ఆమె మీద ఉన్న పట్టు ధరలో లేదు, పుస్తకంలో ఉంది. బాకీ ఉన్నవాళ్ల నోరు కట్టేసినట్టే. నాసి సరుకు ఎవరి సంచిలో పడాలో ఆ పుస్తకమే తేల్చేది.

కల్తీ ఎంత దూరం పోయిందో 1858లో బ్రాడ్‌ఫర్డ్ చూపించింది. అది పక్క కౌంటీ యార్క్‌షైర్‌లో ఉన్ని మిల్లుల పట్నం. పిప్పర్మెంట్ బిళ్లలు చేసే ఒకాయన ఖరీదైన పంచదార ఆదా చేయడానికి అందులో సున్నపురాయి జాతి పొడి కలిపేవాడు. అప్పట్లో అది వాడుకే. ఆ పొడి కోసం మనిషిని పంపితే మందుల కొట్టులో పొరపాటున ఆర్సెనిక్ తూచి ఇచ్చారు. శనివారం సంతలో ఆ బిళ్లలు కొనుక్కుని తిన్నవాళ్లలో 20 మంది దాకా చనిపోయారు, దాదాపు 200 మంది జబ్బుపడ్డారు. పోయినవాళ్లలో పసిపిల్లలున్నారు. రెండేళ్లకి, 1860లో, ఆహార కల్తీ మీద మొదటి చట్టం వచ్చింది. గట్టిగా పనిచేసే చట్టం కోసం 1875 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇరవై ఎనిమిది మంది

కల్తీ, అప్పు అనే ఈ రెండు ముడులనీ ఒకే దెబ్బతో విప్పినవాళ్లు చదువుకున్న ఆర్థికవేత్తలు కారు. రోచ్‌డేల్‌లో నేతగాళ్లు, వాళ్లతోపాటు ఇతర చేతిపనులవాళ్లు. 28 మంది ఒక సంఘంగా చేరి, వారానికి రెండు, మూడు పెన్నీల చొప్పున నెలల తరబడి కూడబెట్టి తలా ఒక పౌండు చేర్చారు. టోడ్ లేన్ అనే సందులో ఒక గిడ్డంగి కింది అంతస్తుని ఏడాదికి 10 పౌండ్ల అద్దెకి తీసుకున్నారు. 1844 డిసెంబరు 21న, అంటే ఏడాదిలో అన్నిటికన్నా పొద్దు తక్కువుండే రోజుల్లో, సాయంత్రం పూట తలుపులు తెరిచారు. అమ్మకానికి ఉన్నవి 28 పౌన్ల వెన్న (పౌను బరువు కొలత, దాదాపు అర కేజీ), 56 పౌన్ల పంచదార, కొంత గోధుమ పిండి, ఒక బస్తా ఓట్ల పిండి, కాసిని కొవ్వొత్తులు. గ్యాస్ కంపెనీ వాళ్లు దీపానికి గ్యాస్ ఇవ్వమన్నారు కాబట్టి కొట్లో వెలుతురుకీ కొవ్వొత్తులే దిక్కు. మిల్లు కుర్రాళ్లు బయట గుంపుగా చేరి ఎగతాళి చేశారు.

వీళ్లకన్నా ముందూ సహకార కొట్లు పెట్టినవాళ్లున్నారు. ఎక్కువ భాగం మూతపడ్డాయి. రోచ్‌డేల్ వాళ్లు నిలబడటానికి కారణం వాళ్ల నిబంధనల్లో ఉన్న ఒక లెక్క. దీన్ని కాస్త నిదానంగా చూద్దాం, ఎందుకంటే అమ్మ నంబరు పుట్టింది ఇక్కడే.

ముందు ఆ కాలపు డబ్బు. ఒక పౌండుకి 20 షిల్లింగులు, ఒక షిల్లింగుకి 12 పెన్నీలు. మన పెద్దవాళ్లు రూపాయికి పదహారణాలు లెక్కపెట్టినట్టే. సంఘం కొట్టు సరుకుని ఊళ్లో మిగతా కొట్ల ధరకే అమ్ముతుంది, తగ్గించదు. ఖర్చులు పోను మిగిలిన లాభాన్ని మూణ్నెల్లకోసారి లెక్క తేల్చి, సభ్యులకి పంచుతుంది. ఎలా పంచుతుందన్నదే కీలకం. ఎవరి వాటా ఎంతుందన్న దాన్నిబట్టి కాదు, ఎవరు ఎంత సరుకు కొన్నారన్న దాన్నిబట్టి. ఒక కుటుంబం మూణ్నెల్లలో 10 పౌండ్ల సరుకు కొంటే, సంఘం పౌండుకి 2 షిల్లింగుల చొప్పున ప్రకటిస్తే, ఆ ఇంటికి 20 షిల్లింగులు, అంటే ఒక పౌండు తిరిగొస్తుంది. ఆ తిరిగొచ్చే డబ్బే డివిడెండు. జనం నోట్లో అది 'డివ్వీ' అయింది.

మొదటే ధర తగ్గించి అమ్మొచ్చు కదా అన్న ప్రశ్న నాకూ వచ్చింది. తగ్గిస్తే రెండు నష్టాలు. చుట్టూ ఉన్న వ్యాపారులు ఇంకా తగ్గించి పోటీకి దిగి, నిలవ డబ్బు లేని కొత్త కొట్టుని ముంచేస్తారు. అంతకన్నా పెద్ద నష్టం ఇంట్లో జరుగుతుంది. రొట్టె మీద అర పెన్నీ తగ్గితే ఆ అర పెన్నీ ఆ రోజే ఎక్కడో ఖర్చయిపోతుంది. అదే అర పెన్నీ కంటికి కనబడకుండా మూణ్నెల్లు కొట్టులోనే దాగితే, పిల్లలందరికీ శీతాకాలపు బూట్లు కొనేంత మొత్తంగా తిరిగొస్తుంది. తినడం ద్వారా పొదుపు చేయడం అన్నమాట. పస్తుండి దాచమని బీదవాళ్లకి సుద్దులు చెప్పే కాలంలో, ఎలాగూ కొనక తప్పని పిండీ వెన్నల నుంచే పొదుపు పుట్టించారు. ఈ ఆలోచనలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే.

మిగతా నిబంధనలు కూడా ఆ పాత ముడుల్ని చూసి రాసుకున్నవే. సరుకు స్వచ్ఛంగా ఉండాలి, తూకం సరిగ్గా ఉండాలి. ఎంత వాటా ఉన్నా మనిషికి ఒకటే ఓటు. ఆడవాళ్లూ సభ్యులు కావచ్చు. అప్పటికి పెళ్లయిన ఆడమనిషి సంపాదనా ఆస్తీ చట్టం దృష్టిలో మొగుడివే. ఆ పరిస్థితి 1870, 1882 చట్టాలతో గాని మారలేదు. అలాంటి రోజుల్లో సంఘం పుస్తకంలో ఒక ఇల్లాలి పేరు, పక్కన ఆమె నంబరు, ఆ నంబరు కింద ఆమె డబ్బు ఉండటమంటే చిన్న విషయం కాదు. అరవై ఏళ్ల తర్వాత కూడా పిల్లలు 'అమ్మ నంబరు' అంటారు తప్ప 'నాన్న నంబరు' అనడం అరుదు.

ఇంకో నిబంధన ఉంది: అరువు లేదు, రొక్కమే. అప్పు ఊబి నుంచి జనాన్ని లాగాలంటే ఇది తప్పదని వాళ్లు నమ్మారు, అది నిజమే. కానీ దీని చేదు కూడా చెప్పుకోవాలి. బుధవారానికే డబ్బులైపోయే ఇంటికి ఆ కొట్టు గడప ఎక్కడం కష్టం. పని నిలకడగా ఉన్న నేతగాడి కుటుంబానికి కోఆప్ కొట్టు వరమైంది, రోజుకూలీ కుటుంబం పాత పద్దు పుస్తకం దగ్గరే ఉండిపోయింది.

అయినా కొట్టు పెరిగింది. 1844లో 28 మంది, 1850కి 600, 1860కి 3,450 మంది సభ్యులు. ఆ ఏడాది అమ్మకాలు లక్షా యాభై వేల పౌండ్లు దాటాయి. 1863లో ఉత్తర ఇంగ్లాండ్ సంఘాలు కొన్ని కలిసి మాంచెస్టర్‌లో సొంత టోకు సంస్థ పెట్టుకున్నాయి. తర్వాత అది సొంత పిండి మరలు, సబ్బు, బిస్కెట్, బూట్ల ఫ్యాక్టరీలు నడిపింది, ఇండియాలోనూ సిలోన్‌లోనూ టీ తోటలు కొంది. ఇరవయ్యో శతాబ్దం మొదటికి కోఆప్ లేని మిల్లు ఊరు దాదాపు లేదు. పెద్ద ఊళ్లలో వీధి వీధికీ శాఖ, ఊరి నడుమ రెండు మూడంతస్తుల సెంట్రల్ స్టోర్, దాని మేడ మీద సభలకీ డాన్సులకీ హాలు. చివరికి శవయాత్ర ఏర్పాట్లు కూడా కోఆప్ చేసేది.

కౌంటర్ దగ్గర

1950ల నాటి ఒక కోఆప్ శాఖలోకి పిల్లవాడి వెనకే వెళ్దాం. చెక్క కౌంటర్ వాడి గెడ్డం దాకా ఉంటుంది. పంచదార నీలం కాగితం సంచుల్లో కట్టి ఉంటుంది. పెద్ద వెన్న ముద్ద లోంచి కావలసినంత కోసి, రెండు చెక్క బద్దలతో తడుతూ పలకలా చేసి కాగితంలో చుడతారు. బేకన్ కోసే యంత్రం చక్రం తిరుగుతుంటే పల్చటి ముక్కలు ఒకదాని మీద ఒకటి రాలతాయి. గాజు మూత రేకు డబ్బాల్లో బిస్కెట్లు, అడుగున మిగిలిన విరిగిన ముక్కలు తక్కువ ధరకి. పిల్లలకి అవంటేనే ఇష్టం.

కానీ ఎవరిని అడిగినా ముందు చెప్పేది తల మీద నడిచే తీగల గురించి. కౌంటర్ దగ్గర గల్లాపెట్టె ఉండదు. అమ్మే అమ్మాయి డబ్బునీ చీటీనీ ఒక చిన్న చెక్క గిన్నెలో పెట్టి, తీగకి వేలాడే బండికి మర తిప్పి బిగిస్తుంది. పిడి లాగి వదిలితే ఆ గిన్నె జుయ్యిమంటూ కొట్టు కప్పు కిందుగా దూసుకుపోయి, మూలన ఎత్తు మీద గాజు గదిలో కూర్చున్న క్యాషియర్ ముందు ఠక్కున ఆగుతుంది. కాసేపటికి చిల్లరతో తిరిగొస్తుంది. పిల్లలు నోరు తెరుచుకుని చూసేవాళ్లు. దాని వెనక ఒక అవసరం ఉంది. డబ్బు ఒక్కరి చేతిలో ఉంటే లెక్క తప్పదు, ప్రతి పెన్నీ ఏదో ఒక సభ్యురాలి నంబరుకి చేరాలి కాబట్టి లెక్క తప్పకూడదు.

చిల్లరతోపాటు వచ్చేదే 'చెక్'. బ్యాంకు చెక్కు కాదు, వేలెడంత కాగితం చీటీ. దాని మీద నంబరు, కొన్న మొత్తం. పాత రోజుల్లో చీటీల బదులు రేకు బిళ్లలు ఇచ్చేవాళ్లు. తర్వాత చాలా సంఘాల్లో ఈ చీటీల్ని జిగురు కాగితం మీద వరసగా అంటించి మూణ్నెల్లకి అప్పజెప్పే పద్ధతి వచ్చింది. పిల్లవాడు ఒక చేతిలో వెన్న, ఇంకో గుప్పిట్లో చెక్ పట్టుకుని ఇంటికి పరిగెత్తేవాడు.

వారం ఎలా గడిచేది

కోఆప్ ఒక్కదాని చుట్టూ ఊరు తిరిగిందనుకుంటే పొరపాటు. ఒకే ఇల్లాలు వారం మొదట్లో ఒక కొట్టుకి, వారం చివర ఇంకో కొట్టుకి వెళ్లేది. శుక్రవారం సాయంత్రం జీతం కవరు వస్తే కోఆప్‌కి రొక్కం. మంగళ, బుధవారాలకి చేయి ఖాళీ అయితే వీధి మూల మీద చిన్న కొట్టులో 'టిక్' మీద, అంటే అరువు మీద, రెండు బంగాళాదుంపలు, ఒక చిన్న పొట్లం టీ పొడి. మూల కొట్టు అంటే చాలాసార్లు ఒక ఇంటి ముందు గదే. విధవరాలో, మిల్లులో దెబ్బతిన్న మనిషో నడిపేవాళ్లు. వాళ్లకీ వీధిలో ప్రతి ఇంటి గుట్టూ తెలుసు. ఎవరి మగ్గం ఆగింది, ఎవరింట్లో జబ్బు, ఎవరికి ఎంత దాకా అరువు ఇవ్వొచ్చు అన్నది వాళ్ల బుర్రలో ఉండేది. కనికరం చూపిస్తే కొట్టు మునిగేది, చూపించకపోతే వీధి ముఖం చూడలేరు.

సోమవారం తాకట్టు కొట్టు రద్దీ. ఆదివారం చర్చికి వేసుకున్న సూటు సోమవారం పొద్దున మూటలో కట్టి తాకట్టు పెట్టి, శనివారం జీతం డబ్బుతో విడిపించేవాళ్లు. మళ్లీ సోమవారం అదే సూటు అదే మూటలో. దాన్ని చూసి నవ్వుకోవడం తేలిక. లెక్కేస్తే అది వడ్డీ కట్టి కొనుక్కున్న నాలుగైదు రోజుల తిండి. ఆ సోమవారమే బట్టల ఉతుకు కూడా. పెద్ద తొట్టిలో బట్టలు వేసి కర్రతో కుమ్మడం, రెండు రోలర్ల మధ్య పిండడం, వెనక సందులో అటూ ఇటూ ఇళ్లకి తాడు కట్టి ఆరేయడం. మిల్లు గొట్టాల మసి బట్టల మీద పడకుండా కాపలా ఒకటి.

మసి మాటొచ్చింది కాబట్టి గుమ్మం రాయి సంగతి చెప్పాలి. ఆ ఇళ్ల తలుపులు నేరుగా వీధిలోకే తెరుచుకుంటాయి, ముందు వాకిలి లేదు. ఉన్నదల్లా ఒక రాతి మెట్టు. వారానికోసారి, ఎక్కువగా శుక్రవారం, ఇల్లాలు మోకాళ్ల మీద కూర్చుని మెట్టుని నీళ్లతో తోమి, తడి ఆరకముందే 'డాంకీ స్టోన్'తో అంచు వెంబడి ఒకే దూరంలో, వంకర లేకుండా రుద్దుతుంది. రాతి పొడి, సిమెంటు, బ్లీచు కలిపి అచ్చు పోసిన చిన్న ఇటుక అది. తెలుపు, మీగడ రంగు, గోధుమ రంగుల్లో ఉంటుంది. ఆరాక అంచు మెరుస్తుంది. కాసేపటికే గాలిలో మసి దాని మీద దిగడం మొదలవుతుంది. మరి ఎందుకంత కష్టం? వీధి మొత్తానికి కనిపించేది ఆ మెట్టే. ఇంటి లోపల ఏమున్నా లేకపోయినా 'మాకు ఇంకా పరువుంది' అని చెప్పే చోటు అది. మూల కొట్టు ఆవిడ అరువు ఇవ్వాలా వద్దా అని ఆలోచించేటప్పుడు ఆ మెట్టు ఆమె కంట్లో మెదలదంటే నేను నమ్మను. మన దగ్గర తెల్లారే కళ్లాపి చల్లి ముగ్గేసిన వాకిలి ఇంటి గురించి ఏం చెబుతుందో తెలిసినవాళ్లకి ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆ రాయికి డబ్బు పెట్టక్కర్లేదు. పాత బట్టలు కొనే బండివాడు గుడ్డపేలికలు తీసుకుని బదులుగా డాంకీ స్టోన్ ఇచ్చేవాడు. మొదట్లో మిల్లుల్లో నూనె కారి జారే రాతి మెట్ల కోసం చేసిన సరుకు ఇది, అక్కడి నుంచి ఇళ్లకి పాకింది. ఒక మాంచెస్టర్ కంపెనీ తన రాయి మీద గాడిద బొమ్మ అచ్చేయడంతో ఆ పేరు స్థిరపడింది. చివరిదాకా తయారుచేసిన ఆష్టన్ ఊరి ఫ్యాక్టరీ 1979లో మూతపడింది.

చిప్స్ కొట్టు గుట్టు కూడా జీతంలోనే ఉంది, కాకపోతే ఆడవాళ్ల జీతంలో. లాంకషైర్ నేత ఊళ్లలో పెళ్లయిన ఆడవాళ్లు కూడా పెద్ద సంఖ్యలో మగ్గాల మీద పనిచేసేవాళ్లు. మిగతా ఇంగ్లాండ్‌లో అది అంత మామూలు కాదు. మగ్గాల మోతకి మాట వినబడదు కాబట్టి పెదవులు సాగదీసి సైగలతో మాట్లాడుకునేవాళ్లు. పది గంటలు అలా నిలబడి వచ్చిన మనిషి మళ్లీ పొయ్యి వెలిగించి వండాలంటే ఎలా? అందుకే ఇంటి నుంచి గిన్నె తీసుకుపోతే వేడివేడిగా నింపి ఇచ్చే చిప్స్ కొట్లు, మాంసం కూరి కాల్చిన 'పై'లు అమ్మే కొట్లు, ఉడికించిన పశువు పొట్టపేగు అమ్మే ట్రైప్ కొట్లు ఆ ఊళ్లలో అంత దట్టంగా పుట్టాయి. రైళ్లూ మంచుగడ్డలూ సముద్రపు చేపని చౌకగా లోపలి ఊళ్లకి చేర్చడం ఇంకో కారణం. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ప్రభుత్వం చేపలూ చిప్సూ రేషన్‌లో పెట్టలేదు. మిగతా చాలా సరుకులకి మాత్రం 1940 జనవరి నుంచి 1954 జులై దాకా రేషన్ పుస్తకమే దిక్కు, ఇల్లాలు ఏదో ఒక కొట్లో పేరు నమోదు చేయించుకోవాలి. చాలామంది కోఆప్‌నే ఎంచుకున్నారు.

ఇక వేక్స్ వారం. ఏడాదికోసారి ఊళ్లో మిల్లులన్నీ ఒకేసారి మూసి బాయిలర్లు శుభ్రం చేసుకునేవి. ఒక్కో ఊరికి ఒక్కో వారం. చాలాకాలం ఆ సెలవుకి జీతం ఉండేది కాదు, ఏడాది పొడవునా క్లబ్బుల్లో వారానికి కొంచెం కట్టి దాచుకున్నదే ఖర్చు. ఊరు ఊరంతా బ్లాక్‌పూల్ రైలెక్కితే ఇక్కడ కొట్లు కూడా మూసేవాళ్లు. ఆ వారం గొట్టాల నుంచి పొగ రాదు. అవతలి కొండలు ఊళ్లోంచి స్పష్టంగా కనిపించేది ఆ వారమేనని చెప్పుకునేవాళ్లు.

మన నూలు, వాళ్ల మగ్గం

ఈ కథలో మనకి చోటుంది. 1611లో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టుకున్నది అక్కడి అద్దకం బట్ట కోసం. ఆ రంగుల బట్టలు ఇంగ్లాండ్‌లో ఎంతగా చెల్లాయంటే, అక్కడి నేతగాళ్ల గోలకి పార్లమెంటు 1700లోనూ 1721లోనూ వాటిని అడ్డుకునే చట్టాలు చేసింది. తర్వాత లాంకషైర్ మరలు అదే రకం బట్టని చౌకగా నేసి మనకే అమ్మాయి. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఆ మిల్లు ఊళ్ల బట్టకి అన్నిటికన్నా పెద్ద గిరాకీ మన దేశమే. రోచ్‌డేల్ అమ్మ డివ్వీ డబ్బు వెనక మన చేనేతవాడి ఆగిన మగ్గం కూడా ఉంది.

1931 సెప్టెంబరులో గాంధీ లాంకషైర్‌లోని డార్వెన్‌కి వెళ్లి, విదేశీ బట్ట బహిష్కరణ వల్ల పని పోయిన మిల్లు కార్మికుల్ని కలిశారు. వాళ్లు ఆయన్ని ఆదరించారు. ఒక పేదవాడి కడుపు ఇంకో పేదవాడి కడుపు మీద ఎలా కొట్టిందో రెండు వైపులా ఎదురెదురుగా నిలబడి చూసుకున్న రోజు అది.

ఎలా విడిపోయింది

ఇలాంటి ఊళ్ల గురించి మాట్లాడేటప్పుడు 'సూపర్‌మార్కెట్లొచ్చి చంపేశాయి' అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నిజానికి ముడి నాలుగైదు వైపుల నుంచి ఊడింది. అన్నిటికన్నా ముందు జీతం పోయింది. 1958 నాటికి బ్రిటన్ ఎగుమతి చేసే నూలు బట్టకన్నా దిగుమతి చేసుకునేదే ఎక్కువైంది. 1959లో పాత యంత్రాల్ని తుక్కు చేసినవాళ్లకి ప్రభుత్వమే పరిహారం ఇచ్చే చట్టం చేసింది. ఆ తర్వాత రెండు దశాబ్దాలూ మిల్లులు వరసగా మూతపడ్డాయి.

రెండోది ఇళ్లు. పాత వరస ఇళ్లని మురికివాడలని పడగొట్టి జనాన్ని ఊరి చివర కొత్త కాలనీలకి తరలించారు. కొత్త ఇళ్లలో స్నానాల గది వచ్చింది, అది చిన్న సుఖం కాదు. కానీ వీధి పోతే వీధి మూల కూడా పోతుంది. మూల కొట్టావిడ బుర్రలో ఉన్న పద్దు పుస్తకం కొత్త కాలనీలో ఎవరికీ పనికిరాదు.

మూడోది ధర. అప్పటిదాకా చాలా సరుకులకి తయారీదారు చెప్పిన ధరే దేశమంతా, ఎవరూ తగ్గించి అమ్మడానికి లేదు. అందరి ధరా ఒకటే అయినప్పుడు మూణ్నెల్లకి కొంత తిరిగిచ్చే కోఆప్‌దే పైచేయి. అందుకే కొందరు తయారీదారులు కోఆప్‌కి సరుకే ఇవ్వమన్నారు, ఆ పట్టుదలతోనే కోఆప్ సొంత ఫ్యాక్టరీలు పెంచుకుంది. 1964 చట్టం ఈ స్థిర ధరల పద్ధతిని దాదాపు ఎత్తేసింది. ఇక పెద్ద సూపర్‌మార్కెట్లు ఈరోజే, ఇక్కడే తగ్గించి అమ్మగలవు. ఫ్రిజ్జూ కారూ వచ్చిన ఇంటికి రోజూ కొట్టుకి పోయే పని లేదు. మూణ్నెల్లు ఆగి డివ్వీ తీసుకునే ఓపిక ఎవరికి మిగులుతుంది? సంఘాలు కూడా డివ్వీ రేటు తగ్గించుకుంటూ పోయి, 1960ల చివర్లో నంబరు బదులు స్టాంపులు పంచడం మొదలుపెట్టాయి. 1971 ఫిబ్రవరి 15న షిల్లింగులు కూడా పోయి పౌండుకి నూరు పెన్నీల లెక్క వచ్చింది.

మూల కొట్టు మాత్రం పూర్తిగా చావలేదు. 1950ల నుంచి మిల్లులు కొత్త యంత్రాల్ని రాత్రీ పగలూ తిప్పడానికి పాకిస్తాన్, ఇండియా, ఇప్పటి బంగ్లాదేశ్ ప్రాంతాల నుంచి వచ్చినవాళ్లని రాత్రి షిఫ్టుల్లో పెట్టుకున్నాయి. చట్టం ప్రకారం ఆడవాళ్లని రాత్రి పనికి పెట్టకూడదు, ఇంగ్లిష్ మగవాళ్లు ఆ వేళల్లో ఆ జీతానికి రారు. మిల్లులు మూతపడ్డాక వాళ్లలో కొందరు, 1972లో ఉగాండా నుంచి తరిమివేయబడి వచ్చిన గుజరాతీ కుటుంబాల్లో కొందరు, అమ్మకానికి వచ్చిన మూల కొట్లు తీసుకున్నారు. పొద్దున్నే పేపర్ల కట్టలు విప్పడం నుంచి రాత్రి పదింటికి పాల సీసా అమ్మడం దాకా ఇంటిల్లిపాదీ కౌంటర్ వెనకే. 1994లో ఆదివారపు అమ్మకాల చట్టం పెద్ద దుకాణాలకి ఆరు గంటల హద్దు పెట్టి చిన్న కొట్లని వదిలేయడం వాళ్లకి ఊపిరి పోసింది. మచిలీపట్నం నుంచి, సూరత్ నుంచి నూలు బట్ట పోయిన దారిలోనే మనుషులు వెళ్లి, అదే వీధి చివర అదే కౌంటర్ వెనక నిలబడ్డారు.

టోడ్ లేన్‌లో ఆ మొదటి కొట్టు ఇప్పుడు మ్యూజియం. తక్కెడా పీపాలూ 1844లో ఉన్నట్టే అమర్చి పెట్టారు. దాన్ని చూడటానికి వచ్చే పెద్దవాళ్లలో చాలామందికి తమ అమ్మ నంబరు నోటికి వస్తుంది. చేతిలో వెన్న పొట్లంతో పరిగెత్తుకొచ్చి, తడి ఆరని మెట్టు అంచుని తొక్కకుండా గెంతి లోపలికి దూకిన పిల్లలే వాళ్లు. అమ్మ వాళ్ల గుప్పిట విప్పి నలిగిన చెక్‌ని తీసుకుని, వేలితో సాపు చేసి, జిగురు కాగితం మీద నిన్నటి దాని కింద అంటించేది.